పెన్సిలు గీతల చిత్రకారుడు ఆంగ్ర్

ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగంలో మోంతోబాన్ అనే పట్టణం ఉంది. చిత్రకారుడు ఆంగ్ర్ అక్కడ 1780 ఆగస్టు 29న జన్మించాడు. తండ్రి శిల్పి, చిత్రకారుడు. ఆయనే కుమారునికి బొమ్మలు గీయడంలో ఓనమాలు నేర్పాడు. ఆంగ్ర్ వయొలిన్ కూడా చక్కగా వాయించేవాడు.

1797లో ఆంగ్ర్ పారిస్ చేరి, ప్రసిద్ధ చిత్రకారుడు దావీద్ వద్ద శిష్యరికం చేశాడు. 1801లో రోము నగరంలో ఉండి కళను అభ్యసించడానికి ప్రభుత్వమిచ్చే బహుమతిని గెలుచుకున్నాడు. ఖజానాలో డబ్బు లేనందువల్ల 1806 వరకు ప్రయాణం సాగలేదు. పురాణ గాథలను, చరిత్ర ఘట్టాలను పెద్ద తైలవర్ణ చిత్రాలుగా వేయాలన్నది ఆయన ఆశయం.

1813లో ఆయనకు వివాహమైంది. ఆ తరువాత కొద్దికాలానికే నెపోలియన్ సామ్రాజ్యం కూలిపోయింది. రోములోని ఫ్రెంచి అధికారులు వెళ్ళిపోయారు. చిత్రాలు వేయించుకొనేవారు కరవయ్యారు. సంసారం గడవడం కష్టమైంది. అప్పుడు ఆంగ్ర్ రోము చూడవచ్చిన యాత్రికుల రూపాలను పెన్సిలుతో గీసి ఇచ్చి కుటుంబాన్ని పోషించాడు. అది తనకు తగిన పని కాదని ఆయన బాధపడేవాడు. ఒకనాడు ఎవరో తలుపు తట్టి, చిన్న బొమ్మలు గీసే మనిషి ఇల్లు ఇదేనా అని అడిగారట. కాదు, ఇక్కడ ఉండేది చిత్రకారుడని ఆయన కోపంగా బదులిచ్చాడట.

అయినా ఆ పనిలో ఆయన అశ్రద్ధ చూపలేదు. నునుపైన తెల్లకాగితం, సన్నగా చెక్కిన పెన్సిలు - ఇవే ఆయన పనిముట్లు. గ్రాఫైటు పొడిలో బంకమట్టి కలిపి పెన్సిళ్ళు చేసే పద్ధతిని 1795లో ఫ్రాన్సులోనే కాంతే కనిపెట్టాడు. మట్టి పాలు పెరిగినకొద్దీ పెన్సిలు గట్టిపడి, గీత సన్నగా, లేతగా పడుతుంది. ఆంగ్ర్ కళ్ళను, పెదవులను సన్నని గీతలతో, లేత నీడలతో ఓపికగా తీర్చేవాడు. దుస్తులను మాత్రం చురుకైన కొద్దిపాటి గీతలతో ముగించేవాడు. అందువల్ల చూపరుల దృష్టి ముఖంపైనే నిలుస్తుంది. 1819లో ఆయన వయొలిన్ విద్వాంసుడు పగనీని రూపాన్ని గీశాడు. చంకలో వయొలిన్ ఇరికించుకొని నిలిచిన ఆ విద్వాంసుని ముఖంలో ఆలోచన, ఆత్మవిశ్వాసం కనిపిస్తాయి.

1824లో పారిస్ ప్రదర్శనలో ఆంగ్ర్ తైలవర్ణ చిత్రానికి గొప్ప పేరు వచ్చింది. ఆయన కోరుకున్న గౌరవం దక్కింది. 1867 జనవరి 14న పారిస్‌లో మరణించాడు. ఆయన గీసిన పెన్సిలు రూపచిత్రాలు నాలుగు వందలకు పైగా నిలిచి ఉన్నాయి. పగనీని చిత్రం పారిస్‌లోని లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉంది. పొట్టకూటికోసం గీసినా శ్రద్ధతో గీసినందువల్లనే, ఆయన చిన్నవనుకున్న ఆ బొమ్మలు ఆయన పెద్ద చిత్రాలతో సమానంగా నేడు మన్నన పొందుతున్నాయి.