బొల్లారంలో పుట్టిన వేటగాడు – కెన్నెత్ ఆండర్సన్

మన ఇబ్రహీంపట్నం మీదుగా సాగర్ రోడ్డు పట్టుకొని పోతే, మాల్ దాటి కృష్ణ ఒడ్డుకు చేరేసరికి నల్లమల కొండలు ఎదురవుతాయి. పిల్లలతో డ్యాం చూడటానికి పోయిన సభ్యులందరికీ ఆ దారి తెలిసినదే. ఆ కొండలకు అవతల, నంద్యాల నుండి గిద్దలూరు పోయే రైలు మార్గంలో గాజులపల్లి, చెలమ, దిగువమెట్ట అనే చిన్న స్టేషన్లున్నాయి. ఈ స్టేషన్ల పేర్లను ఇంగ్లీషు చదివే ప్రపంచానికంతటికీ చేర్చిన మనిషి మన జంటనగరాలలోనే, బొల్లారంలో పుట్టాడని మనలో చాలామందికి తెలియదు. ఆయన పేరు కెన్నెత్ ఆండర్సన్. మనలాగే జీవితమంతా ఉద్యోగం చేసి, సెలవు పెట్టుకొని అడవికి పోయిన మనిషి. అందుకే ఈ ప్రత్యేక సంచికలో ఆయన గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

ఆండర్సన్ 1910 మార్చి 8న జన్మించారు. స్కాట్లండు మూలాలున్న కుటుంబం, తరతరాలుగా ఈ దేశంలోనే స్థిరపడింది. తండ్రి డగ్లస్ ఆండర్సన్ సైనిక జీతాల లెక్కలు చూసే శాఖలో ఉద్యోగి, కెప్టెన్ గౌరవ హోదా కలవారు. కొడుక్కి తుపాకి రుచి చూపించింది ఆ తండ్రే. చదువు బెంగుళూరులో, బిషప్ కాటన్ పాఠశాలలోను, తరువాత సెయింట్ జోసెఫ్ కళాశాలలోను జరిగింది. న్యాయశాస్త్రం చదివి పెద్దవాడు కావాలని తండ్రి ఎడింబరోకు పంపితే, మనసు నిలువక చదువు మధ్యలోనే వదిలి తిరిగి వచ్చేశారు. తండ్రికి ఎంత బాధ కలిగి ఉంటుందో పిల్లలను చదివించిన మనకు వేరే చెప్పనక్కరలేదు.

తిరిగి వచ్చాక తపాలా తంతి శాఖలో చేరి సుమారు 15 సంవత్సరాలు పనిచేశారు. ఆ శాఖ 1985లో రెండుగా విడిపోయింది, టెలిగ్రాం సేవ కూడా 2013 జూలైతో ఆగిపోయింది. కాని ఆండర్సన్ కథలలో టెలిగ్రాం లేనిదే పులి కదలదు. ఎక్కడో కొండ పల్లెలో మనిషి చనిపోతే, ఎవరో మైళ్ళకొద్దీ నడిచి తంతి ఆఫీసుకు చేరి కబురు పంపేవారు. ఈయన పై అధికారి దగ్గర సెలవు మంజూరు చేయించుకొని, పాత స్టుడీబేకర్ కారులో సామాను వేసుకొని బయలుదేరేవారు. తరువాత బెంగుళూరు విమాన కర్మాగారంలో, అంటే నేటి హెచ్.ఏ.ఎల్.లో, ప్లానింగ్ విభాగంలో ఫ్యాక్టరీ మేనేజరు స్థాయికి ఎదిగారు. సంస్థానాధీశుల వేటకు ఏనుగులు, వందలమంది డప్పుల వాళ్ళు కావాలి. ఈయన వేటకు కావలసినవి నాలుగు రోజుల సెలవు, ఒక టార్చిలైటు, ఒక రైఫిల్.

ఆ రైఫిల్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఆయన పుస్తకాలు చదివిన మన మనుమలు మొట్టమొదట అడిగేది దాని గురించే. పైగా ఆయన జీవితంలో ముఖ్యమైన విషయం కూడా దానితోనే ముడిపడి ఉంది.

మన పల్లెల్లో పెద్దలు చూసినది భరమార్ తుపాకి. గొట్టం మూతిలో నుండి మందు పోసి, గుడ్డ పేలిక కుక్కి, ఇనుప రవ్వలో సీసపు గుండ్లో వేసి, చువ్వతో దట్టించాలి. ఒకసారి పేలితే మళ్ళీ నింపడానికి నిమిషం పడుతుంది. కుందేలుకు, అడవిపందికి అది సరిపోతుందేమో. పులి మీద పేలిస్తే చావదు, కుంటిదవుతుంది. కాలి పంజాలో రవ్వలు దిగి, దవడ విరిగి, జింకను పట్టలేని పులి చివరకు పశువుల కాపరి మీద పడుతుంది. మనుషులను మరిగిన పులి పుట్టుకలో చాలాసార్లు మనిషి చేసిన తప్పే ఉంటుందని ఆండర్సన్ తన పుస్తకాలలో పదే పదే చూపించారు. గురి తప్పిన వేటగాడు ఇంటికి పోయి అన్నం తిని పడుకుంటాడు. ఆ తప్పుకు మూల్యం చెల్లించేది కట్టెలకు పోయిన ఆడమనిషి. కాబట్టి ఏ తుపాకి మంచిదన్న ప్రశ్న ఆయనకు షోకుకు సంబంధించినది కాదు.

ఆయన చేతిలో ఉన్నది .405 వించెస్టర్, 1895 మోడలు అమెరికన్ రైఫిల్. జాన్ బ్రౌనింగ్ రూపొందించినది. ఆ .405 తూటా 1904లో వచ్చింది. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఆఫ్రికా వేటకు తీసుకుపోయినది కూడా ఈ రకమే. ట్రిగ్గర్ కింద ఉంగరం వంటి పిడి ఉంటుంది. దానిని ముందుకు తోసి వెనక్కు లాగితే కాలిన తూటా బయటపడి కొత్తది లోపలికి పోతుంది. గుండు బరువు 300 గ్రెయిన్లు, అంటే 19 గ్రాముల పైమాటే. దగ్గరలో, పొదల మధ్య, మీదికి వచ్చే జంతువును నిలేయడానికి అది చాలా గట్టిది. దూరం పోయేకొద్దీ గుండు కిందికి వాలిపోతుంది. కాని చీకట్లో, మంచె మీద నుండి ముప్పై గజాల్లో కాల్చే మనిషికి దూరంతో పనేమిటి?

ఆ కాలపు పెద్ద వేటగాళ్ళలో ఎక్కువమంది వాడినది బోల్టు రైఫిల్. తలుపు గడియ ఎట్లా పైకెత్తి లాగి, మళ్ళీ తోసి దించుతామో, దాని పని అచ్చంగా అదే. జర్మనీలో పాల్ మౌజర్ దానిని తీర్చిదిద్దాడు. 1907లో చంపావత్ ఆడపులిని చంపినందుకు జిమ్ కార్బెట్‌కు బహుమతిగా ఇచ్చిన .275 రిగ్బీ మౌజర్ పద్ధతిదే. మన దేశపు ఆర్డినెన్సు ఫ్యాక్టరీ .315 కూడా బోల్టు రైఫిలే. ఆండర్సన్ కొడుకు డొనాల్డ్ చేతికి వచ్చింది .423 మౌజర్. ఒకే ఇంట్లో తండ్రి పిడి తోసే రకం, కొడుకు గడియ తిప్పే రకం!

బోల్టు రైఫిళ్ళలో మంచి పనితనానికి పేరు స్వీడన్ దేశానిది. హుస్క్‌వర్నా అంటే నేడు చెట్లు కోసే యంత్రాల కంపెనీ అని పిల్లలకు తెలుసు. 1689లో మొదలైనది మాత్రం తుపాకుల కార్ఖానాగానే. స్వీడన్ వారు 1890లలో తమ సైన్యానికి మౌజర్ పద్ధతిని ఎంచుకొని, కార్ల్ గుస్తాఫ్ ప్రభుత్వ కార్ఖానాలో స్వయంగా చేసుకున్నారు. వాటి మీదనే తరువాత వేట రైఫిళ్ళు తయారైనాయి. పాత దానిని గుర్తించాలంటే కర్రను చూసి మోసపోకూడదు, కర్రను ఏ వడ్రంగి అయినా మార్చగలడు. ఉక్కును చదవాలి. గొట్టం బిగించిన చోట కిరీటం గుర్తు, కార్ఖానా పేరు, సంవత్సరం ఉంటే అది సైన్యానికి చేసిన స్వీడన్ మౌజర్ మూలం. బోల్టు మీది నంబరు, చట్రం మీది నంబరు ఒకటేనా అని చూడాలి. ఇంకొక ఆనవాలు చేతికే తెలుస్తుంది. 1896 రకంలో బోల్టును ముందుకు తోసేటప్పుడు స్ప్రింగు బిగిసి బరువు తగులుతుంది. 1898 రకంలో గడియ పైకెత్తేటప్పుడే బిగుస్తుంది. రెండవ దానికి బోల్టు వెనుక భాగంలో అదనంగా మూడవ పట్టు ఉంటుంది, కాబట్టి ఎక్కువ శక్తిగల తూటాలకు అది క్షేమం. హుస్క్‌వర్నా వారు మొదట పాత రకం మీద వేట రైఫిళ్ళు చేసి, 1940ల నుండి రెండవ రకానికి మారారు.

స్వీడన్ వారి 6.5 మిల్లీమీటర్ల తూటాకు పాత సైనిక గుండు సుమారు 10 గ్రాములు, ఆండర్సన్ గుండులో సగం. కాని సన్నగా, పొడుగ్గా ఉండి తిన్నగా దూరం పోతుంది. మంచు దేశంలో దూరాన నిలబడిన కణుజు వంటి పెద్ద జంతువుకు అది చాలు. మన ముళ్ళ పొదల్లో గాయపడి గర్జిస్తూ వచ్చే పులికి బరువైన గుండే నయం. ఏది గొప్ప అని వాదించుకోవడం కంటే ఏ అడవికి ఏది అని అడగడం మేలు. (పూర్వీకుల లైసెన్సు తుపాకి ఎవరింట్లోనైనా మిగిలి ఉంటే, 1959 ఆయుధాల చట్టం ప్రకారం పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు గల డీలరు వద్ద గాని జమ చేయాలి. అటక మీద దాచి ఉంచడం నేరం.)

ఇక ఆయన అడవి జీవితం. 1939 నుండి 1966 వరకు మనుషులను చంపిన 8 చిరుతలను, 7 పెద్దపులులను ఆయన కాల్చినట్లు లెక్క. ఆయన రాసినవన్నీ అక్షరాలా జరిగినవేనా అని సందేహించేవారు ఉన్నారు. కథ చెప్పే నేర్పు ఎక్కువ కావడం వల్ల ఆ అనుమానం వచ్చి ఉండవచ్చు. కాని ఆయన తన భయాన్ని, తప్పిన గురిని దాచుకోలేదు. నాకు నమ్మకం కలిగేది అక్కడే.

గుమ్మళాపురం చిరుత 42 మందిని పొట్టన పెట్టుకున్నది. దానికోసం గడ్డితో మనిషి బొమ్మ చేసి ఎరగా పెట్టినా ఫలితం లేకపోయింది. ఒక రాత్రి ఆయన కూర్చున్న చోటికి ఊరకుక్క ఒకటి చేరి, చీకట్లోకి చూసి గుర్రుమన్నది. ఆ హెచ్చరికతోనే ఆయన ప్రాణం దక్కింది, చిరుత చచ్చింది. ఆ కుక్కను బెంగుళూరు తీసుకుపోయి, నిప్పర్ అని పేరు పెట్టి సాకారు.

మైసూరు రాజ్యంలో అరసికెరె ప్రాంతపు ఎలుగుబంటి 12 మందిని చంపింది. దారి పక్కన దర్గా చూసుకునే ఆలం బక్ష్ అనే వృద్ధుడి కొడుకు వారిలో ఒకడు. అందివచ్చిన కొడుకును పోగొట్టుకున్న ఆ ముసలాయన కబురు మీదనే ఆండర్సన్ వెళ్ళారు. మొదటిసారి ఎలుగు దొరకలేదు. పట్టు వదలక మళ్ళీ పోయి పని ముగించారు.

తెలుగు నేల మీద ఆయన ఎక్కువగా తిరిగింది చిత్తూరు జిల్లాలో. మామండూరు అడవి, భాకరాపేట దగ్గరి చామల లోయ ఆయనకు ప్రాణం. నల్లమల కథకు పెట్టిన పేరులోనే హైదరాబాదు ఉంది. చెంచులు, ఇరుళలు, షోలగలు వంటి అడవి ప్రజలతో నేల మీద కూర్చొని అంబలి తాగగలిగిన దొర ఆయన. అడవి విద్య నేర్పిన గురువు బైర అనే పూజారి కులస్థుడు. చిన్నార్ వాగు దగ్గర గుంటలో దాగి, దొంగతనంగా వేటాడుతూ ఆండర్సన్ కంటపడ్డాడు. పోలీసుకు పట్టించవలసిన మనిషిని స్నేహితుణ్ణి చేసుకున్నారు. ఆ స్నేహం దశాబ్దాలు నిలిచింది.

మొదటి పుస్తకం 1954లో లండనులో అచ్చయింది. అప్పటికి ఆయనకు 44 ఏళ్ళు. తరువాత 1970 వరకు వరుసగా వచ్చాయి. వయసు పైబడినకొద్దీ మనుషుల జోలికి రాని పులిని చంపడం ఆయనకు రోతగా తోచింది. రైఫిల్ పక్కన పెట్టి కెమెరా పట్టారు. అడవులు నరుకుతున్నారని, జీపు లైట్ల వెలుతురులో జంతువులను కాలుస్తున్నారని రాసి రాసి అలసిపోయారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1973 ఏప్రిల్‌లో ప్రాజెక్ట్ టైగర్ వచ్చినప్పటికి ఆయన జీవించే ఉన్నారు.

1974 ఆగస్టు 30న బెంగుళూరులో క్యాన్సరుతో కన్నుమూశారు. హోసూరు రోడ్డులోని శ్మశానవాటికలో సమాధి ఉంది. చివరి పుస్తకం ఆయన పోయిన రెండేళ్ళకు, 1976లో వెలువడింది. పూర్ణచంద్ర తేజస్వి ఆయన కథలను కన్నడంలోకి తెచ్చారు, అక్కడ ఇంటింటా చదువుతారు. కొడుకు డొనాల్డ్ బెంగుళూరులోనే ఉండి 2014లో మరణించారు.