అలంపురం రాళ్లను చదివిన గడియారం

అలంపురం గుళ్ల మాట వస్తే గడియారం రామకృష్ణశర్మ పేరు రాక మానదు. 1919లో అనంతపురం జిల్లాలో పుట్టిన ఆయన చిన్ననాడే అలంపురం చేరి ఇక్కడివారై పోయారు. తుంగభద్ర ఒడ్డున బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మ ఆలయాల సంగతి అప్పట్లో బయటివారికి అంతగా తెలియదు. రాళ్ల మీది అక్షరాలు ఊరివారికి ఉత్త గీతలే. కొన్ని సంస్కృతం, కొన్ని కన్నడం, కొన్ని తెలుగు. శర్మగారు ఓపికగా వాటిని చదివి, రాసుకుని, అచ్చు వేయించారు. చాళుక్యుల నాటి నటరాజు వంటి శిల్పాలను ఇక్కడి మ్యూజియంలో నేటికీ చూడవచ్చు.

1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలను ఆయన అలంపురంలో జరిపించారు. అప్పుడు ఈ తాలూకా రాయచూరు జిల్లాలోది. అంత మారుమూలకు ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను రప్పించడం మాటలా!

తరువాత శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ల గండం వచ్చింది. అలంపురం చుట్టూ పెద్ద కట్ట వేశారు. కృష్ణా తుంగభద్రలు కలిసేచోట ఉన్న కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ అంకె వేసి విప్పి, అలంపురం తెచ్చి మళ్లీ నిలబెట్టారు. పాపనాశి గుళ్లూ అలాగే తరలివచ్చాయి. గుళ్లకు చోటు దొరికింది గాని, మునిగిన ఊళ్ల రైతుల పొలాలు తిరిగి రాలేదు. అది వేరే కథ.

శర్మగారు 2006లో కన్నుమూశారు. తన జీవితం రాసుకున్న ‘శతపత్రము’ పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి 2007లో వచ్చింది. అందుకోవడానికి ఆయన లేరు.