వోల్టేజిని, కరెంటును వేరుచేసి చూపిన ఓమ్

దెగ్లూర్ ప్రాంతపు మన రైతులు వోల్టేజి పడిపోయి బావి మోటారు కాలినప్పుడు కరెంటు తగ్గిందనే అంటారు. నిజానికి ఆ సమయంలో మోటారు అదే బరువు లాగుటకు మరింత కరెంటు గ్రహించి వేడెక్కుతుంది. ఈ రెండూ వేర్వేరని కొలిచి చూపినవారు జార్జ్ సైమన్ ఓమ్.

ఆయన 1789లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో తాళాలు చేసే వృత్తివాని ఇంట జన్మించారు. గణితం నేర్పినది ఆ తండ్రే. కొలోన్‌లో ఉపాధ్యాయునిగా ఉంటూ ప్రయోగాలు చేశారు. ఆనాటి బ్యాటరీలకు నిలకడ లేదు. అందుచేత రాగి, బిస్మత్ లోహాల అతుకులలో ఒకదానిని మరిగే నీటిలోను, రెండవదానిని మంచులోను ఉంచి స్థిరమైన విద్యుత్తును సాధించారు. తీగల పొడవు మారుస్తూ, అయస్కాంత సూచితో ప్రవాహాన్ని కొలిచారు. నెట్టే ఒత్తిడి వోల్టేజి, పారే ప్రవాహం కరెంటు. తీగ నిరోధం మారనంతవరకు ఒత్తిడి రెట్టింపైతే ప్రవాహమూ రెట్టింపవుతుంది. (మోటారు ఉత్త తీగ కాదు గనుక దాని తీరు వేరు.)

1827లో వెలువడిన ఆయన గ్రంథాన్ని స్వదేశీయులు ఆదరించలేదు. మనస్తాపంతో ఉద్యోగం వదులుకున్నారు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకమిచ్చింది. మ్యూనిక్‌లో ఆచార్య పదవి లభించినది 1852లో. మరి రెండేళ్ళకే, 1854లో, కన్నుమూశారు.