థామస్ ఫ్రాన్సిస్ జూనియర్

థామస్ ఫ్రాన్సిస్ జూనియర్ (జూలై 15, 1900 - అక్టోబర్ 1, 1969) అమెరికాకు చెందిన వైద్యుడు, వైరస్ శాస్త్రవేత్త. ఇండియానా రాష్ట్రంలోని గ్యాస్ సిటీలో జన్మించాడు. 1925లో యేల్ విశ్వవిద్యాలయం నుండి వైద్య పట్టా పొందాడు.

సి.ఆర్.పి. ఆవిష్కరణ

1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో విలియం టిల్లెట్‌తో కలిసి న్యుమోనియా రోగుల రక్తాన్ని పరీక్షించాడు. జబ్బు తీవ్రంగా ఉన్నవారి రక్తరసిని న్యుమోకాకస్ బాక్టీరియాలోని సి-పాలీశాకరైడుతో కలిపినపుడు అవక్షేపం ఏర్పడింది. రోగి కోలుకోగానే ఈ చర్య కనిపించలేదు. దీనికి కారణమైన పదార్థానికి తరువాత సి-రియాక్టివ్ ప్రోటీన్ (సి.ఆర్.పి.) అని పేరు వచ్చింది. ఇది కాలేయంలో తయారవుతుంది.

వైరస్ పరిశోధనలు

ఇతడు 1940లో ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌లో బి రకాన్ని కనుగొన్నాడు. 1941లో మిచిగాన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. తన శిష్యుడు జోనాస్ సాల్క్ తయారుచేసిన పోలియో టీకాపై 1954లో సుమారు 18 లక్షల మంది పిల్లలతో జరిగిన పరీక్షకు నాయకత్వం వహించాడు. టీకా సురక్షితమైనదని, పనిచేస్తుందని 1955 ఏప్రిల్ 12న ప్రకటించాడు.

ప్రాధాన్యత

వైరస్ వ్యాధి సోకిన వృద్ధులలో జ్వరం వంటి లక్షణాలు స్పష్టంగా కనిపించకపోవచ్చు. కనుక వారి విషయంలో రక్త పరీక్షలు ముఖ్యమైనవి. 2020లో కోవిడ్-19తో ఆసుపత్రులలో చేరినవారిలో సి.ఆర్.పి. అధికంగా ఉన్నవారికి వ్యాధి తీవ్రత, మరణాలు ఎక్కువని గమనించారు. అయితే బాక్టీరియా వ్యాధులలోను, కీళ్ళవాతంలోను కూడా ఇది పెరుగుతుంది. అందువలన ఈ ఒక్క పరీక్షతోనే రోగి పరిస్థితిని నిర్ణయించరు.