పాపమెరుగని పూటకాపు

పఠనము: 2 కొరింథీయులకు 5:14–21, హెబ్రీయులకు 7:22–28

మార్టిన్ లూథరుగారు సంఘ సంస్కర్తయని అందరెరుగుదురు. ఆయన మనస్సాక్షికి నెమ్మది దొరికిన విధమును ఈ నెల ధ్యానింతము.

ఆయన 1483 నవంబరు 10న జర్మనీలోని ఐస్లెబెన్ పట్టణమున జన్మించెను. తండ్రి రాగి గనుల పనివలన వృద్ధిలోనికి వచ్చి, కుమారుడు న్యాయవాది కావలెనని ఆశించెను. అయితే 1505 జూలై 2న ఎర్ఫర్టుకు వచ్చుచుండగా గాలివానలో సమీపమున పిడుగు పడెను. మరణభయముచేత ఆయన సన్యాసినగుదునని మ్రొక్కుకొని, అదే నెల 17న అగస్టీనియన్ మఠములో చేరెను.

అక్కడ ఉపవాసములకును జాగరణలకును ఆయన వెనుదీయలేదు. గంటల తరబడి పాపములొప్పుకొనెడివాడు. అయినను మరచిన పాపమేదో జ్ఞాపకమునకు వచ్చి మరల కలవరపరచెడిది. క్రీస్తు పాపములేనివాడని ఆయన నమ్మెను గాని, ఆ నమ్మకమే ఆయనకు భయకారణమాయెను. అంత పరిశుద్ధుడగు న్యాయాధిపతియెదుట పాపి యెట్లు నిలువగలడు? మఠముల పైయధికారియైన స్టౌపిట్స్ ఆయన దృష్టిని న్యాయపీఠమునుండి సిలువ గాయములవైపు త్రిప్పెను.

1512లో డాక్టరు పట్టమునొంది, విట్టెన్‌బెర్గులో 1513 మొదలు కీర్తనలను, 1515 మొదలు రోమా పత్రికను బోధించెను. ఇతరులకు బోధించుచుండగా తనకే వెలుగు కలిగెను. 1516లో తోటి సన్యాసికి వ్రాసిన ఉత్తరములోను, 1520లో క్రైస్తవుని స్వాతంత్ర్యమును గూర్చి వ్రాసిన చిన్న పుస్తకములోను ఆ సంగతి కనబడుచున్నది. క్రీస్తు మన పాపమును తనదిగా తీసికొని, తన నీతిని మనకిచ్చును. దీనిని ఆయన వివాహముతో పోల్చెను. పెండ్లికుమార్తె అప్పు పెండ్లికుమారునిదగును; అతని ఆస్తి ఆమెదగును.

అప్పులో మునిగినవాడు పొరుగువాని అప్పునకు పూటపడలేడని మన పల్లెలలో ఎవరికి తెలియదు? ప్రభువు సొంత బాకీ యొక్కటియు లేనివాడు గనుకనే మనకు పూటకాపు కాగలిగెను. ఏ పరిశుద్ధత లూథరును వణికించెనో ఆ పరిశుద్ధతయే ఆయనకు ఆశ్రయమాయెను.

1517 అక్టోబరు 31న పాపక్షమాపణ పత్రముల విక్రయమును ఎదిరించి, 1521లో వర్మ్స్ సభలో చక్రవర్తియెదుట నిలిచి, 1522లో క్రొత్త నిబంధనను జర్మను భాషలో ప్రచురించెను.

అయినను లూథరుగారు పాపరహితుడు కాడు. 1525లో తిరుగబడిన రైతులను సంహరించుటకు పాలకులను పురికొల్పెను. 1543లో యూదులకు విరోధముగా క్రూరమైన పుస్తకము వ్రాసెను. ఆ వ్రాత తరువాతి తరములలో గొప్ప కీడునకు వాడబడెను. సంఘము దీనిని దాచకూడదు. దైవజనుడెంత గొప్పవాడైనను మన రక్షకుడు కాలేడు. అతనికిని రక్షకుడు కావలెను. 1546 ఫిబ్రవరి 18న, తాను పుట్టిన ఊరిలోనే మరణించునప్పుడు, ఆయన తన క్రియలను కాక క్రీస్తునే ఆశ్రయించెను.

అపాత్రుడనని ప్రభు బల్లకు దూరముగా కూర్చుండు సహోదరుడా, సహోదరీ, నీ పాపముల లెక్క నీవలన ఎన్నటికిని ముగియదు. మారుమనస్సు పొంది, ఆ లెక్క తీర్చినవానియొద్దకు రమ్ము.

ప్రార్థన: పాపమెరుగని ప్రభువా, మా పాపమును నీవు మోసితివి. నీ నీతిని మాకు వస్త్రముగా ధరింపజేయుము. ఆమేన్.