బడికి దొరకిన పోషకుడు
(శ్రీ కందుకూరి వీరేశలింగము పంతులుగారి జీవితము)

ఒక ఊరిలో క్రొత్తగా చిన్నపిల్లల బడి తెరచుట అంత కష్టమైన పని కాదు. ఒక అరుగు, ఒక పంతులు, పది పలకలు ఉన్న చాలును. తెరచిన నాడు ఊరి పెద్దలందరును వత్తురు. చందాపట్టీలో పేర్లును పడును. కష్టమంతయు రెండవ సంవత్సరమున మొదలగును. పంతులుగారి నెల జీతమెవరిత్తురు? వానకు కారెడి కప్పు నెవరు నేయింతురు? చందాపట్టీలో పేరు వ్రాసినవారి ఇంటికి పదిమారులు తిరుగువారెవరు? అంగడి తెరచుట వేరు, అంగడి నడుపుట వేరు అని వర్తక కుటుంబములకు విడమరచి చెప్పనక్కర లేదు. బడి సంగతియు అట్టిదే.

ఈ చిక్కును తమ జీవితములో అడుగడుగునను ఎదుర్కొని, కడపట దానికొక మార్గమును చూపిన మహనీయుడు శ్రీ వీరేశలింగము పంతులుగారు. వితంతు వివాహములు జరిపించిన సంస్కర్తగను, రాజశేఖర చరిత్రమును రచించిన కవిగను వారిని తెలుగువారందరు ఎరుగుదురు. బడులకు పోషకులను వెదకి వెదకి, తుదకు తామే పోషకులైన పంతులుగారిని ఎరిగినవారు తక్కువ. ఆ కథను చెప్పుటకే ఈ వ్యాసము.

వీరేశలింగముగారు 1848 ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. తండ్రి సుబ్బారాయుడుగారు, తల్లి పున్నమ్మగారు. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి పోయెను. తల్లియు, పెదతండ్రి వెంకటరత్నముగారును పెంచి పెద్దవానిని చేసిరి. ఒకనాడు కలిగిన కుటుంబమే యైనను పంతులుగారి కాలమునకు ఆస్తి కరిగిపోయెను. చిన్ననాటి నుండియు దగ్గు, ఆయాసము వారిని వదలలేదు. పదమూడవ యేట పెండ్లి యయ్యెను. భార్య రాజ్యలక్ష్మమ్మగారు అప్పటికి పసిపిల్ల.

1869లో మెట్రిక్యులేషను పరీక్ష నెగ్గిరి. ఆ కాలమున ఆ పరీక్ష నెగ్గినవానికి కచ్చేరీలలో ఉద్యోగము సులభముగా దొరకెడిది. వకీలు వృత్తియు ఉండెను. కాని కచ్చేరీలో లంచమును, వకీలు వృత్తిలో అబద్ధమును తప్పవని తలచి, ఆ రెండు త్రోవలను విడిచి, జీతము తక్కువయైనను బడిపంతులు పనియే మేలని ఎంచుకొనిరి. లాభనష్టములు చూచి కాక, ధర్మము చూచి వృత్తి నెంచుకొనుట వారి జీవితమున తొలి మెట్టు.

యానాము వారికి పంతులుగారు పరాయివారు కారు. యానాము పదునెనిమిదవ శతాబ్ది తొలిభాగము నుండి ఫ్రెంచివారి స్థావరము. దానికి కొద్ది మైళ్లలోనే, ఇంగ్లీషువారి ఏలుబడిలో, కోరంగి రేవు ఉండెను. ఓడలు కట్టుటకును, బర్మా దేశమునకు పోవు నావలకును కోరంగి ఒకప్పుడు పేరుపొందినది. బర్మాలో తెలుగు కూలీలందరిని కోరంగీలనియే పిలిచెడివారనగా ఆ రేవు ప్రసిద్ధి ఎంతటిదో తెలియగలదు. 1839 నవంబరులో వచ్చిన ఘోరమైన ఉప్పెన ఆ ఊరిని తుడిచిపెట్టెను. పిమ్మట ఏటి మొగలో ఇసుక మేటలు వేయుటచే వ్యాపారము క్రమముగా కాకినాడకు తరలిపోయెను. అట్టి కోరంగిలోని పాఠశాలకు వీరేశలింగముగారు ప్రధానోపాధ్యాయులై వచ్చి, సుమారు రెండేండ్లు పనిచేసిరి. కలిమి తరలిపోయిన ఊరిలో బడిని నిలుపుట ఎంత బరువో ఊహించుకొనవచ్చును.

అక్కడి నుండి ధవళేశ్వరము పాఠశాలకు ప్రధానోపాధ్యాయులై వెళ్లిరి. కాటను దొర 1847 - 1852 సంవత్సరముల మధ్య గోదావరికి ఆనకట్ట కట్టించిన చోటు అది. ఇంజనీర్లు, గుమాస్తాలు, కంట్రాక్టర్లు ఉండెడి ఊరు. 1874లో పంతులుగారు అచ్చట ఆడపిల్లల కొరకు ఒక పాఠశాలను తెరచిరి. ఆ సంవత్సరము అక్టోబరులోనే వివేకవర్ధని పత్రికను కూడ ప్రారంభించిరి. ఒక చేతితో బడియు, ఒక చేతితో పత్రికయు.

ఆడపిల్ల చదివిన విధవ యగునని భయపడువారు ఆ దినములలో కొల్లలుగా నుండిరి. అక్షరములు వచ్చిన పిల్ల చాటుగా ఉత్తరములు వ్రాయునని అనుమానించువారును ఉండిరి. పండితులలో కొక్కొండ వెంకటరత్నము పంతులుగారు తమ ఆంధ్రభాషా సంజీవనిలో స్త్రీవిద్యను ఖండించుచు వ్రాయగా, వీరేశలింగముగారు వివేకవర్ధనిలో బదులు వ్రాసిరి. ఆ వాదము తెలుగుదేశమంతట మారుమ్రోగెను. కాని పత్రికలో వాదము గెలిచినంత మాత్రమున బడిలో పంతులుకు జీతము పుట్టదు. మగపిల్లవాని చదువునకు ఖర్చుపెట్టిన తండ్రికి రేపు ఉద్యోగము వచ్చునను ఆశ కలదు. ఆడపిల్ల బడికి చందా ఇచ్చిన వానికి ఏ ఆశయు లేదు. పైగా ఇరుగుపొరుగువారి చేత మాట పడవలెను. కాబట్టి ఆడపిల్లల బడికి పోషకుని వెదకుట మగపిల్లల బడికి వెదకుట కంటె పదిరెట్లు కష్టము.

ఆనాడు బడి నడుపువారికి సొమ్ము వచ్చుటకు మూడు త్రోవలు మాత్రమే ఉండెను.

మొదటిది దొరతనమువారి గ్రాంటు. 1854 నాటి విద్యా విధాన లేఖ ననుసరించి, స్థానికులు ఒక కమిటీగా చేరి బడి నడుపుచు, ఇన్‌స్పెక్టరు తనిఖీకి ఒప్పుకొన్నచో, ఖర్చులో కొంతభాగమును దొరతనమువారు ఇచ్చెడివారు. 1871లో మద్రాసు రాజధానిలో లోకల్ ఫండు చట్టము వచ్చిన పిమ్మట స్థానిక పన్నుల నుండి కొంత సొమ్ము ప్రాథమిక పాఠశాలలకు చేరసాగెను. అయితే గ్రాంటు అన్నది ఎన్నడును పూర్తి ఖర్చునకు సరిపోదు. మిగిలినది ఊరివారు పోగుచేసికొనవలెను. ఊరివారి సొమ్ము ఆగిన నాడు గ్రాంటును ఆగును.

రెండవది చందాలు. ఇది పదిమంది చేతి సొమ్ము గనుక బడి పదిమందిదను భావము కలుగును. కాని ఉద్యోగులు బదిలీ యగుదురు, పంటలు పోవును, మాటలు మారును. బడి పెట్టిన పంతులుగారే బదిలీ యైనచో చందాలు వసూలు చేయువాడుండడు. వీరేశలింగముగారికే ధవళేశ్వరము నుండి కొద్ది సంవత్సరములలో రాజమహేంద్రవరము కళాశాలకు పోవలసి వచ్చెను.

మూడవది ఒక్క ధనవంతుని ఔదార్యము. ఇది వేగముగా పని చేయును. దీని బలమును, బలహీనతను కూడ పంతులుగారు స్వయముగా చూచిరి.

1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరములో తమ ఇంట వారు మొదటి వితంతు వివాహమును జరిపించిరి. ఊరంతయు తిరుగబడెను. వంటవారు మానిరి, నీళ్లు తెచ్చువారు మానిరి. రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి పోయి బిందెతో నీళ్లు మోసి తెచ్చిరి. అట్టి సమయమున కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ముందుకు వచ్చి వేలకొలది రూపాయలు ఈ ఉద్యమమునకు ఇచ్చిరి. పెండ్లి ఖర్చులు, వెలియైన దంపతులకు వసతి, భృతి, ప్రయాణములు అన్నియు ఆ సొమ్ముతో నడచెను. జమీందారులు వెనుకాడిన చోట ఒక వైశ్యప్రముఖుడు నిలబడెను. వర్తకుని మాటకు సంఘములో విలువ ఉండుటయే అతని వ్యాపారమునకు ఆధారము. వెలిపడుటకు వెరవక ఆయన ఆ విలువనే పణముగా నొడ్డెను. తెలుగుదేశపు వర్తకుల చరిత్రలో ఇది బంగారు అక్షరములతో వ్రాయదగిన ఘట్టము.

అయినను ఒక్కని చేయి మీద నిలిచిన పని ఆ చేయి ఉన్నంత వరకే నిలుచును. రామకృష్ణయ్యగారు గతించిన పిమ్మట ఆ లోటు పంతులుగారికి బాగుగా తెలిసివచ్చెను. గొప్పదాత దొరకుట అదృష్టము. కాని అదృష్టము మీద బడిని కట్టరాదు.

రాజమహేంద్రవరమున ఉండగా 1880ల దశకములో ఇన్నీసుపేటలో మరియొక బాలికా పాఠశాలను వారు నెలకొల్పిరి. బాలురును, బాలికలును కలిసి చదువుకొనుటకు అందు వీలు కల్పించిరి. పగలు కూలిపని చేసికొనువారికి రాత్రి బడియు నడిపిరి. 1883లో స్త్రీల కొరకు సతీహితబోధిని అను పత్రికను ప్రకటించిరి. పిల్లలకు తెలుగులో చదువదగిన పుస్తకములు తక్కువ గనుక సులభశైలిలో తామే వ్రాసిరి, తమ ముద్రాలయములోనే అచ్చువేసిరి. ఇక్కడ పాఠకులు ఒక సంగతి గమనింపవలెను. పంతులుగారు ధనవంతులు కారు. ఉద్యోగపు జీతము, పుస్తకముల మీద వచ్చు రాబడి, ముద్రాలయపు ఆదాయము, ఇవే వారి ఆస్తి. ఆ రాబడిలో మిగిల్చినది మిగిల్చినట్లు బడులకును, శరణాలయమునకును, 1890లో కట్టించిన పురమందిరమునకును వెచ్చించిరి. దాతల గుమ్మముల వద్ద నిలుచుటతో పాటు తమ చేతి కష్టమును కూడ ఆ పద్దులో చేర్చుచు వచ్చిరి.

రాజ్యలక్ష్మమ్మగారి పాత్రను చెప్పకుండిన ఈ కథ సగమే యగును. పెండ్లినాటికి పసిపిల్లయైన ఆమెకు చదువు చెప్పినవారు భర్తయే. పిమ్మట దిక్కులేని వితంతు బాలికలకు ఆమెయే తల్లియై, వండిపెట్టి, జబ్బు చేసిన రాత్రులు మేలుకొని, అక్షరములు దిద్దించెను. ఏ చందాపట్టీలోను ఆమె పేర ఒక అంకె కనబడదు. అంకెకందని దానమామెది.

వారికి సంతానము లేదు. కొంతకాలము చెన్నపట్టణము ప్రెసిడెన్సీ కళాశాలలో పనిచేసి పంతులుగారు మరల రాజమహేంద్రవరము చేరిరి. అప్పటికి అరువది యేండ్లు దగ్గర పడుచుండెను. ఆరోగ్యము క్షీణించుచుండెను. తమ తరువాత ఈ బడులను, ఈ శరణాలయమును నడుపువారెవరు అను ప్రశ్న వారిని బాధించెను. ముప్పది యేండ్లుగా పోషకుల కొరకు వెదకిన అనుభవముతో వారొక నిర్ణయమునకు వచ్చిరి. హితకారిణీ సమాజమును స్థాపించి, ఇల్లు, తోట, ముద్రాలయము, గ్రంథములపై హక్కు మొదలుగా తాము జీవితమంతయు కూడబెట్టినదానిని దానికి వ్రాసి యిచ్చిరి.

ఇందులోని సూక్ష్మమును వర్తకులే బాగుగా గ్రహింపగలరు. ఒక మనిషి జేబు నుండి వచ్చు సొమ్ము ఖర్చగును. ఆస్తిగా కట్టి, దానికి ధర్మకర్తల నేర్పరచి, ఏ పనికి ఉపయోగింపవలయునో కాగితము మీద వ్రాసియుంచిన సొమ్ము ప్రతి సంవత్సరమును ఫలమిచ్చును. అసలు చెడకుండ వడ్డీతో బడి నడచును. వ్రాసినవాడు పోయినను వ్రాత పోదు. పంతులుగారు వెదకిన పోషకుడు వ్యక్తిగా కాక వ్యవస్థగా దొరకెను.

రాజ్యలక్ష్మమ్మగారు 1910లో పరమపదించిరి. పంతులుగారు మరి తొమ్మిదేండ్లు జీవించి, 1919 మే 27వ తేదీన చెన్నపట్టణమున కన్నుమూసిరి. వారి పేర రాజమహేంద్రవరములో ఉన్నత పాఠశాలయు, కళాశాలయు వెలసినవి. ధవళేశ్వరములో కొద్దిమంది ఆడపిల్లలతో మొదలైన పని ఎంత దూరము సాగెనో చూడుడు.

ఆ కాలముననే కోరంగి గడ్డ మీద పుట్టిన మరియొకరు ఇట్టి మార్గమునే నడిచిరి. వారు మల్లాడి సత్యలింగ నాయకరుగారు. పేదరికములో పుట్టి, రంగూను చేరి, ఓడల సరకు ఎగుమతి దిగుమతుల పనిలో అపారమైన ధనమార్జించి, 1915లో గతించుటకు ముందే తమ ఆస్తిలో పెద్దభాగము పేదపిల్లల చదువునకు చెందునట్లు వీలునామా వ్రాసిరి. కాకినాడ జగన్నాథపురములో వారి ఛారిటీస్ పేర విద్యాలయములు వెలసినవి. ఒకరు బడిపంతులు, ఒకరు రేవు వర్తకులు. ఇద్దరికిని తోచిన ఉపాయము ఒక్కటే.

యానాముకు సంబంధించిన ఒక సంగతి చెప్పి ముగింతును. 1929లో శారదా చట్టము వచ్చి, 1930 ఏప్రిల్ నుండి అమలు కాగా, ఇంగ్లీషువారి ఏలుబడిలో పదునాలుగేండ్లు నిండని బాలికకు పెండ్లి చేయుట నేరమయ్యెను. ఫ్రెంచి యానాములో ఆ చట్టము లేదు. అందుచే చుట్టుప్రక్కల జిల్లాలవారు పసిపిల్లలను బండ్ల మీదను, పడవల మీదను తెచ్చి యానాములో పెండ్లిండ్లు చేసి తీసికొనిపోయెడివారు. ఆ ఊరికి కల్యాణపురమను పేరును వచ్చెను. యానాము 1954 నవంబరు 1వ తేదీన భారత ప్రభుత్వ పాలనలోనికి వచ్చెను. చట్టమునకు ఎల్ల ఉన్నది. ఏరు దాటినచో చట్టము తప్పించుకొనవచ్చును. కాని బడిలో కూర్చుండి అక్షరములు నేర్చిన పిల్లను, ఆమె తల్లిదండ్రుల మనస్సులోని మార్పును ఏ ఎల్లయు ఆపలేదు. పంతులుగారు బడికి అంత ప్రాముఖ్యము నిచ్చుటకు కారణమిదియే.

జ్ఞానదానము గొప్పదని మన పెద్దలు చెప్పుచునే యున్నారు. దానము గొప్పదగుటకు దాత పేరు గాక దాని నిలుకడ ప్రమాణము. మన ఊళ్లలో క్రొత్తగా తెరచెడి ప్రతి చిన్న బడియు ఒక పద్దు పుస్తకముతో మన గుమ్మము ముందుకు వచ్చును. అప్పుడు ఈ ఏటికి ఎంత వ్రాయుదుమని మాత్రమే కాక, పదేండ్ల తరువాత ఆ పంతులుగారికి నెలనెల జీతము ఎక్కడి నుండి వచ్చునని కూడ అడిగి, దానికి తగిన ఏర్పాటు చేయుటయే వీరేశలింగము పంతులుగారికి మనము చేయదగిన స్మరణ.