కళింగ తర్వాత అశోకుడు

అశోకుడు అనగానే మనకు రూపాయి నోటు మీది నాలుగు సింహాలు గుర్తొస్తాయి. ఆయన సైన్యం నెత్తురు పారించిన నేల మనదేనన్న సంగతి అంతగా గుర్తుండదు. ఇవాళ విశాఖ ఓడరేవు, ఉక్కు కర్మాగారం ఉన్న ఈ తీరం, మహానదికీ గోదావరికీ మధ్య పరుచుకున్న ఆనాటి కళింగలోదే.

పట్టాభిషేకమైన ఎనిమిదేళ్లకు, క్రీ.పూ. 261 ప్రాంతంలో, మౌర్య సైన్యం కళింగ మీద పడింది. లెక్క ఆయనే చెప్పుకున్నాడు. లక్షమంది యుద్ధంలో చచ్చిపోయారు. లక్షా యాభై వేలమందిని ఊళ్లు విడిపించి పట్టుకుపోయారు. ఆ వెనక పోయినవాళ్లు ఎన్నో రెట్లు. ఇలాంటి లెక్కలు గొప్పకోసం చెక్కించుకున్న రాజులున్నారు, బాధపడి చెక్కించినవాళ్లు అరుదు.

మనం సాధారణంగా కథ ఇక్కడితో ఆపేస్తాం: రాజు బాధపడ్డాడు, ధమ్మం పట్టాడు, అయిపోయింది. కానీ కష్టమైన పని ఇక్కడే మొదలైంది. కళింగలో చావు లేని ఇల్లు తక్కువ. ఇరుగుపొరుగు రాజ్యాలకు, రేపు మన వంతేనా అన్న భయం.

రాయబారం ఆ వంశానికి కొత్తేం కాదు. తాత చంద్రగుప్తుడు సెల్యూకస్‌తో సంధి చేసుకుని 500 ఏనుగులు ఇచ్చాడు. తండ్రి బిందుసారుడి కొలువుకు గ్రీకు రాయబారి వచ్చాడు. అశోకుడి దూతలు మోసుకెళ్లిన సరుకు మాత్రం వేరు. సిరియా అంటియోకస్, ఈజిప్టు టాలెమీ, మరో ముగ్గురు యవన రాజుల దాకా, దక్షిణాన చోళ, పాండ్యుల దాకా, తామ్రపర్ణి దాకా ధమ్మం మాట వెళ్లింది. దాంతోపాటు మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేయించానని, మూలికలు లేనిచోట తెప్పించి నాటించానని, దారుల్లో బావులు తవ్వించానని చెప్పుకున్నాడు. సింహళానికి మహిందుడూ సంఘమిత్తా వెళ్లారు. కాందహార్‌లో గ్రీకు, అరమాయిక్ భాషల్లో రాయించాడు, అక్కడివాళ్లకు అర్థం కావాలి కదా.

కళింగ సంగతే ఆలోచించాల్సింది. తన బాధ చెప్పుకున్న 13వ శాసనం మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండమీద ఉంది. కళింగలోని ధౌలిలో, జౌగడలో లేదు! చచ్చినవాళ్ల పిల్లలకు చావుల లెక్క చదివి వినిపించడం ఆయనకే మొహం చెల్లలేదేమో. దాని బదులు అక్కడ వేరే రెండు శాసనాలు పెట్టించాడు. ఒకటి తోసలి, సమాప నగరాల అధికారులకు: ప్రజలంతా నా బిడ్డలు, ఒక్కణ్ణయినా కారణం లేకుండా బంధించడం గానీ హింసించడం గానీ జరగకూడదని. అసూయ, కోపం, కాఠిన్యం, తొందరపాటు, బద్ధకం ఉన్నవాడు న్యాయం చెయ్యలేడని. ఇది సరిగ్గా జరుగుతోందో లేదో చూడ్డానికి ఐదేళ్లకోసారి మెత్తని స్వభావం గల అధికారిని పర్యటనకు పంపుతానన్నాడు. రెండోది, ఇంకా జయించని సరిహద్దు జనాల గురించి: వాళ్లు నన్ను చూసి భయపడకూడదు, నా వల్ల వాళ్లకు సుఖమే గానీ దుఃఖం కలగదని నమ్మకం కలిగించండి, అని.

అలాగని ఆయన్ని మరీ ఎత్తెయ్యక్కర్లేదు. కళింగను వదిలిపెట్టలేదు. పట్టుకుపోయినవాళ్లను తిరిగి పంపానని ఎక్కడా చెప్పలేదు. అడవి జనాలకు, బాధపడుతున్నా నా చేతిలో బలం ఉందని గుర్తుచేశాడు కూడా. గెలిచినవాడు ఇచ్చే శాంతికి ఈ మచ్చ ఉంటుంది. అయినా కొడుకులు, మనుమలు కొత్త యుద్ధాలు కోరుకోవద్దని కోరాడు. తానూ మళ్లీ మరో దేశాన్ని జయించినట్టు ఆయన శాసనాల్లో లేదు.

తర్వాతి శతాబ్దాల్లో ఈ తీరం కొండల మీదే, భీమిలి దారిలోని బావికొండ, తొట్లకొండల మీద భిక్షువులు విహారాలు కట్టుకున్నారు. వాళ్లు వాననీళ్లు పట్టుకున్న రాతి తొట్లు ఇవాళా ఉన్నాయి.

ధౌలి, జౌగడ శాసనాలను బండమీద వదిలెయ్యలేదు. తిష్య నక్షత్రం రోజుల్లో జనానికి చదివి వినిపించాలన్నాడు. మధ్యలో, వినేవాడు ఒక్కడే ఉన్నా సరే, ఆ ఒక్కడికీ చదవమన్నాడు.